రేడియేటర్‌లో పారాణి

మా ఇంట్లో పసుపు డబ్బాలు రెండు ఉండేవి. ఒకటి వంటింట్లో, పోపుల పెట్టె పక్కన. రెండోది కారులో, డ్రైవరు సీటు కింద. కారులోది పూజకనుకునేరు. కాదు. రేడియేటర్ కారినప్పుడల్లా అందులో వేయడానికి. వేడి నీళ్లలో పసుపు ఉబ్బి, సన్నటి చిల్లులోకి పోయి, అక్కడే బిరడాలా కూర్చుంటుంది. మా ఆయన ఈ విద్యను ఎవరో ముసలి లారీ డ్రైవరు దగ్గర నేర్చుకున్నాడు. కారులో డబ్బా ఖాళీ అయితే వీధిలోంచి కేకేసేవాడు. "ఒసే, సిటికెడు పసుపట్రా!" పులుసులోకా, కారులోకా అని నేను అడిగేదాన్ని. ఇరవై ఏళ్లు ఆ సంసారం అలాగే నడిచింది.

మాది నెల్లిమర్ల. కారు తెల్ల అంబాసిడర్. ఒకప్పుడు చుట్టుపక్కల ఎవరింట పెళ్లయినా, ఎవరికి రోగం వచ్చినా అదే వెళ్లేది. ఫోనులో పిలిస్తే గుమ్మంలోకి కార్లొచ్చే రోజులు వచ్చాక దాన్ని పిలిచేవాళ్లు లేకపోయారు. రెండేళ్లు గోనెపట్టా కప్పుకుని పడుకుంది. అమ్మేద్దామని కూడా అనుకున్నాం. ఇంతలో పెళ్లికి ముందే పిల్లనీ పిల్లాడినీ పాత కారు మీద కూర్చోబెట్టి ఫొటోలు తీయడం మొదలైంది. మా ముసలిదానికి మళ్లీ ముస్తాబు వచ్చింది. మా ఆయన రోజూ పొద్దున్నే దాని ముఖం తుడిచేవాడు. నా ముఖం వంక అంత సేపు ఎప్పుడూ చూడలేదు.

ముఖం బాగానే ఉంది గానీ లోపల ఊపిరి అయిపోయింది. పాత ఇంజను ఆయిల్ తాగేసి నీలం పొగ వదిలేది. ఫొటోల్లో ఆ పొగ పడితే పెళ్లివాళ్లు ఊరుకుంటారా? అప్పుడు మా తమ్ముడు తగులుకున్నాడు.

నాకు వాడొక్కడే తమ్ముడు. అమ్మా నాన్నా పోయాక పుట్టిల్లంటే నాకు వాడే. శృంగవరపుకోటలో రోడ్డు పక్కన చిన్న షెడ్డు వాడిది. లారీ వెనక నుంచి గుద్దేస్తే పనికిరాకుండా పోయిన వ్యాను ఒకటి దొరికిందని, దాని డీజిల్ ఇంజను చెక్కుచెదరలేదని, దాన్ని మా కారుకి కడతానని వచ్చాడు. పదకొండు రోజులు కష్టపడ్డాడు. ఇంజను కూర్చునే ఇనుప చట్రం కోశాడు, మళ్లీ అతికాడు. పాత ఫ్యాను తీసేసి కరెంటు ఫ్యాను పెట్టాడు. ఒక్క దగ్గరే వాడికీ మా ఆయనకీ పేచీ వచ్చింది.

"బావా, ఇంజను పెద్దది. ఈ రేడియేటర్ పాతది, సిన్నది. ఇదీ మార్సిద్దుమా?"

"ఒరే, అది ఇత్తడిదిరా. ఇప్పుడొచ్చీవన్నీ రేకు డబ్బాలు. ఆ పెట్టి మీద సెయ్యెయ్యకు."

వాడు ఆ పాతదే బిగించేశాడు. కారు అప్పజెప్పే రోజున రేడియేటర్‌లో పోసే ఆకుపచ్చ నీళ్ల క్యాను ఒకటి, కూలెంట్ అంటారట, మా ఆయన చేతికిచ్చాడు. "ఈ నీళ్లు తప్ప ఇందులో ఇంకేటీ పొయ్యకండి బావా. బోరు నీళ్లు కూడా వొద్దు." నేను పక్కనే ఉన్నాను. విన్నాను. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. పోయొద్దన్నాడు. వేయొద్దనలేదు.

మర్నాడే అరసవల్లి తీసుకెళ్లి పూజ చేయించాం. చక్రాల కింద నిమ్మకాయలు, బానెట్టు మీద పసుపు కుంకుమ, అన్నీ అయ్యాయి. వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ వేడి చూపించే సూది మధ్యలో నిలబడ్డది నిలబడ్డట్టే ఉంది. తిరుగుదారిలో మా ఆయన స్టీరింగు మీద చేత్తో తట్టి, "నీ తమ్ముడు సేతిలో ఏటో ఉన్నాదే" అన్నాడు. ఆయన నోట మా వాళ్లని మెచ్చుకున్న మాటలు వేళ్ల మీద లెక్కెట్టొచ్చు. అది వాటిల్లో పెద్దది.

ఆ మర్నాటి పొద్దున ముగ్గు వేద్దామని వాకిలి కడుగుతుంటే కారు ముక్కు కింద తడి కనబడింది. వేలు పెట్టి చూశాను. ఆకుపచ్చగా, జిగురుగా ఉంది.

మా ఆయన ఇంకా లేవలేదు. లేచి చూస్తే ఏమంటాడో నాకు తెలుసు. నిన్నటి మెచ్చుకోలు కాస్తా వెనక్కి తీసేసుకుంటాడు. మసిగుడ్డ తెచ్చి ఆ తడి తుడిచేశాను. ఇంజను చల్లగా ఉంది కదా అని రేడియేటర్ మూత తిప్పి తీశాను. ఆ పని నాకు కొత్త కాదు.

కారులో డబ్బా అడుగంటింది. వంటింట్లోది తెచ్చాను. అది శృంగవరపుకోట సంతలో కొండ మీది వాళ్ల దగ్గర కొమ్ములు కొని, నేనే దంచిన పసుపు. మర పట్టించింది కాదు గనక బరకగా ఉంటుంది. పాత ఇంజనుకి చిటికెడు. ఇది పెద్ద ఇంజను కదా, చిటికెడు దేనికి సరిపోతుంది? గరిటెడు వేశాను. రెండో రోజూ రెండు చుక్కలు కనిపించాయి. మళ్లీ వేశాను. మూడో రోజూ అంతే. నాలుగో రోజుకి నేల పొడిగా ఉంది. తమ్ముడి పరువు నిలబెట్టాననుకుని, ఆ పూట కూరలో ఉప్పు కూడా మర్చిపోయానంటే నా సంతోషం ఎంతో చూడండి.

వారం తిరక్కుండా ఫొటోలవాళ్లు పిలిచారు. శృంగవరపుకోట దాటి కొండ మీదికి. రెండో మలుపు దగ్గర సూది పైకి లేచిందట. మూడో మలుపు దగ్గర వెనకంతా తెల్లటి పొగ. పెళ్లికూతురు పట్టుచీరతో ఆటోలో కొండ దిగింది. మా కారుని ట్రాక్టరుకి కట్టి నెల్లిమర్ల దాకా లాక్కొచ్చారు. ఊరంతా చూసింది.

మా ఆయన కారు దిగి చెప్పులు కూడా విప్పలేదు. వాకిట్లోనే అందుకున్నాడు. "సచ్చిపోయిన ఇంజను తెచ్చి నా కారుకి కట్టీసినాడు నీ తమ్ముడు. ఇంక ఈ జన్మలో నా గడప తొక్కితే సూడు."

అరుగు మీద మా అత్త కూర్చునుంది. చూపు మందం గానీ చెవులు బాగానే పనిచేస్తాయి. "దానికి వేడి సేసినాదిరా. మజ్జిగ తేట పొయ్యండి."

"అమ్మా, నువ్వూరుకో!"

మర్నాడు పొద్దున్నే తమ్ముడు మోటారు సైకిలు మీద పనిముట్ల సంచి వేసుకుని దిగాడు. మా ఆయన గడపలో నిలబడి ఆ మాటే వాడి ముఖాన మళ్లీ అన్నాడు. వాడు సంచి కింద పెట్టి బానెట్టు ఎత్తాడు. "తొక్కన్లే బావా. కారు గడప అవతలే కదా ఉన్నాది."

ఇక మొదలైంది నా పని. వాడు వాకిట్లో, ఈయన ఇంట్లో. మంచినీళ్లు అక్కడికి, టీ ఇక్కడికి. వాడి కంచం పట్టుకెళితే విప్పేసిన టైరు మీద కూర్చుని తినేవాడు. ఒకే కుండలో అన్నం, రెండు పంక్తులు. ఎండలు మండిపోతున్నాయి. గడప దాటి లోపలికీ బయటికీ తిరిగి తిరిగి నా మోకాళ్లు వాచాయి. వాళ్లిద్దరూ మాట్లాడుకోవాలన్నా నా ద్వారానే. "తాళం ఇమ్మను మీ ఆయన్ని." "ఆ మోత ఆపమను నీ తమ్ముణ్ణి." పది అడుగుల దూరంలో ఉన్న మనుషులకి నేను తపాలా మోశాను.

వాడు మొదట ఫ్యాను చూశాడు. తీగలు తిరగేసి కలిపితే గాలి లోపలికి లాగక బయటికి తోసేస్తుందట. పాత క్యాలెండరు కాగితం ఒకటి అడిగి రేడియేటర్ ముందు పెట్టాడు. కాగితం దానికి టప్పున అతుక్కుపోయింది. "ఫ్యాను మంచిదే అప్పా, లాగతన్నాది" అన్నాడు. మా వైపు అక్కని అప్పా అనే పిలుస్తారు.

తర్వాత వచ్చి, గడప అవతలే నిలబడి, "అప్పా, గిన్నిలో నీళ్లు మరగబెట్టు" అన్నాడు. టీకనుకున్నాను. కాదు. ఇంజనులోంచి తీసిన చిన్న ఇత్తడి బిళ్ల ఒకటి నా చేతిలో పెట్టాడు. థర్మోస్టాట్ అంటారట. నీళ్లు కాగితే తెరుచుకుని రేడియేటర్‌లోకి దారి ఇస్తుంది, చల్లారితే మూసుకుంటుంది. అది తెరుచుకుంటుందో లేదో చూడాలి. వాడు లోపలికి రాడు కదా. పొయ్యి దగ్గర నిలబడి నేనే చూశాను. నీళ్లు గలగలమన్నాక ఆ బిళ్ల గుల్లలా మెల్లగా నోరు తెరిచింది. "ఇప్పినాదిరా!" అని వంటింట్లోంచి అరిచాను. లోపల గదిలోంచి మా ఆయన, "బాగున్నాది, కూరేటో" అన్నాడు.

అప్పుడు పొగ చూద్దామన్నాడు. స్టార్ట్ చేస్తే గొట్టంలోంచి తెల్లగా, దట్టంగా వచ్చింది. "నీలం అయితే ఆయిల్ కాల్తన్నట్టు. నలుపైతే డీజిల్ ఎక్కువైనట్టు. ఇది తెలుపు" అంటున్నాడు వాడు. నేను గొట్టం వెనక అరచెయ్యి పెట్టాను. తడి తగిలింది. ఇన్నేళ్లు కట్టెల పొయ్యి దగ్గర బతికినదాన్ని, పచ్చి కట్టె పొగ నాకు తెలియదా? "ఒరే, ఇది నీళ్ల పొగరా. తడి సరకు మండుతున్నాది లోపల" అన్నాను. వాడు నన్ను చూసి తలూపాడు. రేడియేటర్ మూత తీసి ఇంజను తిప్పితే నీళ్లలో బుడగలు, అన్నం ఉడుకు పట్టినట్టు. ఇంజను తల భాగానికీ కింది భాగానికీ మధ్య ఒక రేకు ఉంటుంది. హెడ్ గ్యాస్కెట్. అది వేడికి కాలి చిరిగింది. మంటలోకి నీళ్లు, నీళ్లలోకి మంట.

"రేకు కాలినాది సరే. అంత వేడి ఎందుకొచ్చినాదో అడుగు నీ తమ్ముణ్ణి" అన్నాడు మా ఆయన, కిటికీలోంచి.

రేకు మార్చాలంటే ముందు నీళ్లు దించాలి. తమ్ముడు రేడియేటర్ అడుగున ఉన్న మర బిరడా విప్పాడు. ఆకుపచ్చ నీళ్లు రావాల్సిన చోట ఎర్రటి నీళ్లు వచ్చాయి. వాకిలంతా పారాయి. "సూడప్పా తుప్పు. మీ ఆయన ఇత్తడి పెట్టిలోది. ఇది మార్సమని నాను మొదలే సెప్పినాను" అన్నాడు.

నేను ఆ నీళ్ల వంక చూస్తూ నిలబడిపోయాను. తుప్పు ఎరుపు వేరు. ఇది వేరు. పెళ్లిళ్లలో ఎంతమంది కాళ్లకి పారాణి పెట్టాను నేను! పసుపులో సున్నం కలిపితే పచ్చదనం చచ్చి, ఎరుపు పుడుతుంది. అదే ఎరుపు. వేలు ముంచి వాసన చూశాను. ఉడికిన పసుపు. ఆ ఆకుపచ్చ నీళ్లలోనూ సున్నం లాంటిదేదో ఉండి ఉంటుంది.

చెప్పేయాల్సింది. చెప్పలేదు. తిట్లకి భయపడి కాదు, ముప్పై ఏళ్లుగా తింటున్నవే. పసుపు ఎందుకు వేశావంటే, కారింది గనక అనాలి. కారితే నాకెందుకు చెప్పలేదని తమ్ముడడుగుతాడు. నీ పని మీద నాకు అనుమానమొచ్చిందిరా అని వాడి ముఖం చూసి ఎలా అనను? కొత్త రేకు వేస్తే అదే బాగవుతుందిలే, అప్పుడు ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు అనుకున్నాను. చీపురు తెచ్చి వాకిలి కడిగేశాను. ఎరుపు పోలేదు.

ఇంజను తల విజయనగరంలో లేతు మిషను దగ్గరికి తీసుకెళ్లి, వంగలేదని చూపించుకుని, కొత్త రేకు వేసి బిగించేసరికి మరో రెండు రోజులు పట్టాయి. కొత్త ఆకుపచ్చ నీళ్లు పోశాడు. స్టార్ట్ చేశాడు. పొగ లేదు. గొట్టం వెనక చెయ్యి పెట్టాను, పొడిగా ఉంది. అరుగు మీద మా అత్త కూడా చేతులు జోడించింది.

అరగంట కాలేదు, సూది మళ్లీ పైకి లేచింది.

తమ్ముడు ఇంజను ఆపేసి బంపరు మీద కూలబడ్డాడు. వాడి చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. నాలుగు రోజుల్లో వాడి ముఖం పీక్కుపోయింది. మా ఆయన మొదటిసారి గడప దాటి వచ్చాడు. ఆ రోజున నేరుగా వాడితోనే అన్నాడు.

"ఏటైనాదిరా? మెకానిక్కువి కదా, సెప్పు."

"రేడియేటర్ మూసుకుపోయినాది బావా. పైన కాల్తన్నాది, కింద సల్లగున్నాది. నీళ్లు దిగతన్లేదు."

"ఇరవయ్యేళ్లు దిగినాయి. నీ ఇంజనొచ్చినాకే దిగతన్లేదా? రోగం నీ ఇంజనుకి, మందు నా పెట్టికా?"

తమ్ముడు పానాలన్నీ ఏరి సంచిలో వేసుకోవడం మొదలెట్టాడు. "రేపు ఇంజను లేపడానికి సైను కప్పీ తెస్తాను. నా ఇంజను దించీసి నాను పట్టుకుపోతాను. నీ పాతది నీకెట్టీసి పోతాను. మరి రాన్లే బావా. అప్పా, నువ్వు కూడా నన్ను రమ్మనకు."

సంచి మూతి ముడి వేస్తున్నాడు. ఆ ముడి పడిందంటే నా పుట్టిల్లు అందులో మూటకట్టుకుని పోతుందనిపించింది.

"ఒరే, ఆగు. నాను వేసినాను" అన్నాను.

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"ఏటి వేసినావే?" అన్నాడు మా ఆయన.

"పసుపు. కారతన్నాదని మూడు రోజులు వేసినాను."

ఇద్దరికీ నమ్మకం కలగలేదు. అది ఎర్రటి నీళ్లు కదా, పసుపు ఎలా అవుతుందన్నాడు తమ్ముడు. నేను లోపలికెళ్లి పసుపు డబ్బా, స్టీలు పళ్లెం తెచ్చాను. పళ్లెంలో పసుపు వేసి, వాడి క్యానులోంచి ఆకుపచ్చ నీళ్లు ఒక మూతెడు పోసి వేలితో కలిపాను. చూస్తుండగానే ఎర్రబడింది. పెళ్లికూతురి కాళ్లకి రాసేయొచ్చు.

మా ఆయన పళ్లెంలోకి వంగి చూశాడు. "సిటికెడేనా?"

"గరిటెడు."

"గరిటెడా! మూడు సార్లా! ఒసే, ఊరు పెళ్లి సేసీయొచ్చు కదే దాంతో!"

"నువ్వే కదా నేర్పినావు."

"నాను సిటికెడు నేర్పినాను. గరిటి నీదే!"

తమ్ముడు తల పట్టుకున్నాడు. "అప్పా, ఇంజనుకి నలుగెట్టి తలంటినావేటి? ఇంకేటీ పొయ్యొద్దని సెప్పినాను కదా!"

"పొయ్యలేదురా. వేసినాను."

ఆ మాటకి మా ఆయన ముక్కులోంచి నవ్వు వచ్చేసింది. "ఇన్నావేటి బావమరిదీ? పొయ్యలేదట, వేసినాదట!" "నీ పెళ్లాం కదా బావా, నువ్వే పడు." "నా పెళ్లామవకముందే మీ అప్పరా!" నాలుగు రోజులుగా నా నోటి ద్వారా మాట్లాడుకున్న మనుషులు, ఒకరి మాట ఒకరు అందుకుంటూ, నన్ను దులిపేశారు. మా అత్త కూడా అరుగు మీంచి, "మజ్జిగ పొయ్యమంటే పసుపేసినాదా" అని ఓ చెయ్యి వేసింది. నేను మెట్టు మీద కూర్చుని అన్నీ విన్నాను. కాళ్లు లాగేస్తున్నాయి. తిడితే తిట్టారు, ఇద్దరూ ఒక పక్కనే నిలబడి తిడుతున్నారు కదా అనుకున్నాను.

తిట్లు అయ్యాక తమ్ముడు నా పక్కన వచ్చి కూర్చున్నాడు. గొంతు తగ్గించి అడిగాడు. నేను భయపడ్డదే అడిగాడు.

"కారతన్నాదని నాకెందుకు సెప్పలేదప్పా?"

"మీ బావకి తెలిస్తే నిన్నంటాడని."

"నాకు సెప్తే నానొచ్చి సూద్దును కదా. నా పని పాడైనాదనుకున్నావు నువ్వు."

వాడు గోళ్లలో మడ్డి గీసుకుంటూ అన్నాడు. "కారలేదప్పా అది. మొదటి రోజు కదా అని అంచుదాకా పోసీసినాను నాను. వేడికి పొంగినాది. ఎక్కువైన నీళ్లు గొట్టంలోంచి బైటికొచ్చినాయి. పాలు పొంగినట్టు. దానంతటది ఆగిపోద్ది."

పాలు పొంగడం తెలియనిదాన్నా నేను? అది తెలియక ఇంత చేశాను.

రేడియేటర్ విప్పి, తలకిందులుగా నిలబెట్టి, గొట్టంతో నీళ్లు కొట్టారు. ముందు ఎర్రటి ముద్దలు, తర్వాత నల్లటి తుప్పు పెచ్చులు రాలాయి. విజయనగరంలో టంకం పెట్టేవాడి దగ్గర పైమూత ఊడదీయిస్తే లోపల సన్న గొట్టాలు వరసగా కనిపించాయట. సగం నా పసుపుతో మూసుకున్నాయి. మిగతా సగం ఎప్పటినుంచో తుప్పుతోనే మూసుకుని ఉన్నాయట. ఆ సంగతి తమ్ముడు చెప్పలేదు. మా ఆయనే ఇంటికొచ్చి, కాళ్లు కడుక్కుంటూ, "ఆ పెట్టి కూడా పెద్ద మంచిదేటీ కాదులే" అన్నాడు. ఆయనకి అంతకంటే ఒప్పుకోవడం రాదు.

ప్రతి గొట్టంలోనూ సన్న ఊస దూర్చి శుభ్రం చేసి, మూత మళ్లీ అతికించి, తెచ్చి బిగించారు. తమ్ముడు ఈసారి అంచుకి రెండు వేళ్లు తక్కువగా నీళ్లు పోశాడు. వాకిట్లోనే గంటసేపు ఇంజను తిప్పారు. మేం ముగ్గురం ఆ సూది వంక, కాన్పు గది బయట కూర్చున్నట్టు చూశాం. మధ్య దాకా వచ్చింది. ఫ్యాను తిరిగింది. సూది అక్కడే ఉంది. వెనక గొట్టంలో పొగ లేదు. ఎవరూ కేక వేయలేదు. అందరికీ ఒళ్లు హూనమైపోయి ఉంది.

మా ఆయన డ్రైవరు సీటు కింద చెయ్యి పెట్టి, ఆ పాత డబ్బా తీసి నా చేతికిచ్చాడు. నేను తీసుకున్నాను.

మధ్యాహ్నం దాటింది. అన్నం వార్చి, వంకాయ కూరా చారూ దించాను. అలవాటు కొద్దీ తమ్ముడి కంచం పట్టుకుని బయటికి నడుస్తున్నాను. చాప మీద కూర్చున్న మా ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు. "ఎక్కడికే ఆ కంచం? ఇక్కడెట్టు."

తమ్ముడు బకెట్టు దగ్గర కిరసనాయిలుతో చేతులు రుద్దుకుంటున్నాడు. ఆ మాట విన్నాడు. కాళ్లు కడుక్కుని వచ్చి గడప ముందు ఆగాడు. నిక్కుతోనే ఆగాడు.

"తొక్కమంటావా బావా?"

"తొక్కకు. దాటి రా" అన్నాడు మా ఆయన. "గడపకీ రాసినాది మీ అప్ప, పసుపు."